భూమి ఊగులాట, బస్సు చక్రాల మన్ను

ఒకసారి నేను వాదనలో గెలిచాను. గెలిచినందుకు ఒక ఆడమనిషికి ఉన్న ఎకరంన్నర చెలకలో ఎకరం పోయింది.

ఇన్నేళ్ళుగా వేదికలెక్కి మూఢనమ్మకాల మీద మాట్లాడుతూనే ఉన్నాను. ఇక ముందూ మాట్లాడతాను. కాని ఈ సంగతి ఏ వేదిక మీదా చెప్పలేదు. రాద్దామని కూర్చుంటాను, లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను, మళ్ళీ కూర్చుంటాను. ఇవాళ లేవకుండా రాయాలని పట్టు.

ఎనభైల నడుమ మాట. బొంబాయి కామాటిపురాలో మాది మూడంతస్తుల పాత చాల్. ఒక్కో అంతస్తుకు పన్నెండు గదులు, గదుల ముందు పొడుగాటి కొయ్య వరండా, చివర అందరికీ ఒకటే నల్లా. మా ముత్తాతలు పాలమూరు నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చి పూడ్చిన నేల అది. అంతకుముందు సముద్రం పోటుకు నీళ్ళు నిలిచే పర్ర. వానాకాలంలో ఆ సంగతి గల్లీకి గుర్తొస్తుంది. మోకాలిలోతు నీళ్ళు నిలబెట్టుకుని మూడు రోజులు వదలదు.

గదిలో నేనూ మా తాతా. తాత తాపీ మేస్త్రి. కళ్ళు మసకబారి పని మానేశాడు కాని గోడ నిలువు చూసే ఇత్తడి గుండును మాత్రం వదల్లేదు. దాన్ని మా చాల్‌లో మరాఠీ మాటతోనే ఒళంబా అనేవాళ్ళు. దారం చుట్టి, గుడ్డలో మూటగట్టి, దేవుడి పటం ఉండాల్సిన మేకుకు తగిలించేవాడు. పటాన్ని నేను తీసేశాను. మేకు ఖాళీగా ఉండకూడదని తాత గుండు తగిలించాడు, అంతే.

నేను ఫాక్‌లాండ్ రోడ్ మీద ఒక తెలుగు అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పెళ్ళిపత్రికలు, సంఘాల కరపత్రాలు, అన్నిటికన్నా ఎక్కువగా పంచాంగం. తిథులు, నక్షత్రాలు, కార్తెలు, వర్జ్యాలు. ఒక్కో అంకెను వేలుపెట్టి సరిచూడాలి. పంచాంగాన్ని తిట్టేవాడికి అన్నం పెట్టింది పంచాంగమే అని నా మీద చాల్‌లో ఒక నవ్వు ఉండేది.

మా వరసలో చివరి ఖోలీలో, అంటే చివరి గదిలో, పాలమూరు నుంచి వచ్చిన కూలీలు తొమ్మిదిమంది ఉండేవాళ్ళు. కట్టడాల దగ్గర ఇసుక, కంకర, సిమెంటు మోసే పని. వాళ్ళలో ఒకామె నా ఈ కథకు కారణం. నలభై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను తమ్మీ అనేది, కోపమొస్తే పంతులూ అనేది.

ఊళ్ళో ఆమెకు ఎకరంన్నర ఎర్ర చెలక. దాని మీద మరిదికి కన్ను. కాగితాల సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు; ఆ ఊళ్ళో చెలక్కి కాగితం నాగలే. మొదటి వాన పడ్డాక ఎవరి నాగలి ముందు దిగితే ఆ యేడు పంట వాళ్ళది. వరసగా రెండేళ్ళు ఒకరి నాగలే దిగితే ఇక అడిగేవాడు ఉండడు. పోయిన యేడు ఆమెకు మలేరియా జ్వరం పట్టి బొంబాయిలోనే ఉండిపోయింది. మరిది నాగలి దిగింది. ఈ యేడు మొదటి వానకు ఆమె ఊళ్ళో ఉండాలి. ఇదొక్కటే ఆమె మనసులో ఉన్నది. ఇటుకలు మోస్తూ అదే, రొట్టెలు కాలుస్తూ అదే.

మరి బొంబాయిలో కూర్చున్న మనిషికి పాలమూరులో వాన పడిందని ఎట్లా తెలుస్తుంది? ఉత్తరం వచ్చేసరికి వారం. ఫోను అనే మాటే లేదు. అందుకు వాళ్ళకొక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం పాలమూరులో బయల్దేరిన బస్సు మర్నాడు పొద్దున తొమ్మిదికి నాగ్‌పాడా మూలమీద ఆగేది. మే నెల చివరి వారం నుంచి మా చాల్ కూలీల్లో ఎవరో ఒకరు రోజూ అక్కడికి పోయి, డ్రైవరు బకెట్టు నీళ్ళు కొట్టేలోపు, చక్రాల మీది రేకు లోపలి వైపు చూసేవాళ్ళు. అక్కడ దుమ్ముందా, బురదుందా? బురదైతే ఏ రంగుది? చూసి వచ్చి ఖోలీలో చెప్పేవాళ్ళు. దాన్నిబట్టి మూటలు కట్టేవాళ్ళు.

మృగశిర కార్తె వచ్చిందంటే బస్సు దగ్గరికి పోయేవాళ్ళ సంఖ్య పెరిగేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. కార్తెకూ వానకూ ఏమిటి సంబంధం? ఎవడో ఎప్పుడో కట్టిన లెక్కను నేను అచ్చులో దిద్దుతున్నాను, వీళ్ళు దాన్ని పట్టుకుని బస్సు చక్రాలకు మొక్కుతున్నారు!

మా గల్లీ చివర ఒక చదువుల గది ఉండేది. ఆదివారం సాయంత్రం అక్కడ సభ. పోచమ్మకు కోడిని కొయ్యాలా వద్దా, చావు భోజనాలు పెట్టాలా వద్దా, ఆడపిల్లకు రెండో పెళ్ళి చేస్తే కులపంచాయతీకి ఎందుకు నొప్పి, ఇట్లాంటివి. మాట్లాడేవాడికి పది నిమిషాలు. పదో నిమిషానికి ఇత్తడి పళ్ళెం మోగుతుంది. ఆ లోపే ఎవరైనా లేచి అడగొచ్చు; మోగిందంటే ముగిసినట్టే. నేను ఆ గదిలోనే మాట్లాడడం నేర్చుకున్నాను. ఎదుటివాణ్ణి పడగొట్టడమూ అక్కడే నేర్చుకున్నాను. రెండూ వేరు వేరు విద్యలని చెప్పినవాళ్ళు లేరు.

ఆ యేడు మే నెల నడుమ నేను పట్టుకున్న విషయం భూమి నడక. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక ఇంగ్లీషు సైన్సు పత్రికలో చదివాను. చదివిన రాత్రి నిద్ర రాలేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి ఎప్పుడూ ఒకటే కాదట. ఆ దారి లక్ష యేళ్ళ పద్దులో కాస్త గుండ్రంగా, కాస్త సాగినట్టుగా మారుతుందట. భూమి ఒరిగి ఉన్న వాలు నలభై ఒక్క వేల యేళ్ళలో కొంచెం పెరిగి కొంచెం తగ్గుతుందట. మూడోది, వేగం తగ్గిన బొంగరం తల ఊపినట్టు భూమి ఇరుసు ఊగుతుంది. ఆ ఊగు ఒక చుట్టు పూర్తికావడానికి సుమారు ఇరవై ఆరు వేల యేళ్ళు. ఈ మూడు కదలికలూ కలిసి ఏ కాలంలో ఏ నేల మీద ఎంత ఎండ పడాలో మారుస్తాయి. ఉత్తరాన మంచు పెరగడం, కరగడం, సముద్రం వెనక్కిపోవడం, ముందుకు రావడం, వానగాలి బలపడడం, బక్కచిక్కడం, అన్నిటికీ అక్కడ మూలం. దీన్ని ఎట్లా కనిపెట్టారు? సముద్రం అడుగున వేల యేళ్ళుగా పేరుకున్న బురదను గొట్టాలతో పైకి తీసి, పొర పొరా చదివి.

నాకు కాలు నిలవలేదు. దేవుడి కోపం, పాపం, కర్మం అన్న మాటలన్నిటినీ ఒక్క దెబ్బకు పడగొట్టే గుండు దొరికిందనిపించింది.

సభకు ముందురోజు మధ్యాహ్నం తాతను మేడ మీదికి తీసుకుపోయాను. బొంబాయిలో మే నెల నడుమ ఒకరోజు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. తాత నీళ్ళ ట్యాంకు పైపుకు దారం కట్టి గుండు వేలాడదీశాడు. పన్నెండున్నర దాటాక గుండు నీడ చిక్కిపోతూ వచ్చి గుండు కిందనే దాక్కుంది. దారానికి నీడే లేదు.

"ఇది నాకు నువ్వు చూపించాల్నా?" అన్నాడు తాత. "నలభై యేండ్లు ఎండల గోడలు లేపినోణ్ణి. రేపటి సంది జూలై ఆఖరుదాక పగటి నీడ దక్షిణం దిక్కు పడ్తది. ఉత్తరం గోడకు గూడ ఎండ తగులుతది. గందుకే ఆ గోడకు రెండుపూటల నీళ్ళు కొట్టమని మా మేస్త్రి తిడ్తుండె."

"ఎందుకట్లా పడుతుందో తెలుసా మరి?"

"తెల్వదు. తెల్వకున్నా గోడ నిలబడ్డది గదా."

ఆ మాటను నేను పట్టించుకోలేదు. రేపు సభలో ఏం చెప్పాలో అప్పటికే తలలో పరుగు పెడుతోంది.

ఆదివారం గది నిండింది. చివరి ఖోలీ వాళ్ళు గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నారు. వాళ్ళ వెనక గోడకానుకుని వాళ్ళ గుత్త మేస్త్రి, అంటే వాళ్ళను ఊరినుంచి తెచ్చి పనికి పెట్టిన మనిషి, నిలబడ్డాడు. నేను బల్ల మీద బొంగరం తిప్పాను. అది తల ఊపడం మొదలుపెట్టగానే చెప్పాను: ఇదే మన భూమి.

"సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు ఇరవై రెండు ప్రాంతంలో. పంచాంగం ఉత్తరాయణాన్ని జనవరి పద్నాలుగున పెడుతుంది. ఇరవై మూడు రోజుల తేడా! భూమి ఊగుతోంది, పంచాంగం ఊగడం లేదు. డెబ్భై రెండేళ్ళకు ఒక రోజు చొప్పున జారిపోతోంది. మీ మృగశిరా అట్లాగే జారుతోంది. పదిహేను వందల యేళ్ళ కింద అది మే నెల నడుమ వచ్చేది. ఇంకో రెండు వేల యేళ్ళకు జూలైలో వస్తుంది. అప్పుడూ మృగశిర నాడే వాన అని కూర్చుంటారా?"

ఫోరస్ రోడ్ మూలమీద పాన్ దుకాణం నడుపుతూ చాల్‌లో పంచాంగం చెప్పే ఒక పెద్దాయన లేచాడు. "ఇరవై మూడు దినాలు తప్పంటవు నాయనా. మరి ప్రూఫులు దిద్దేది నువ్వే గద? దిద్దేటప్పుడు సరిజేస్తే అయిపోవు!"

గది గొల్లున నవ్వింది.

"అచ్చుతప్పులు నావి," అన్నాను. "ఆకాశం తప్పులు మీవి."

ఈసారి చప్పట్లు నాకు. ఆ చప్పట్ల మీద ఎక్కి ఇంకా పైకి పోయాను. తొమ్మిది పది వేల యేళ్ళ కింద భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చేది ఉత్తరపు వేసవిలో అనీ, ఇప్పుడు జనవరి మొదట్లో వస్తోందనీ చెప్పాను. అప్పుడు వేసవి ఎండ గట్టిది, నేల బాగా కాగేది, సముద్రం మీది గాలిని గట్టిగా లాగేది. ఇవాళ ఇసుక దిబ్బలున్న సహారాలో అప్పుడు చెరువులుండేవి, నీటిగుర్రాలు మునిగేవి, మనుషులు పశువుల్ని మేపేవాళ్ళు. ఊగులాట మారింది, వాన తగ్గింది, చెరువులెండాయి. మనుషులు నీళ్ళున్న చోటికి మూటలు కట్టారు. "పాలమూరు నుంచి మీరు కట్టుకొచ్చిన మూటా ఆ లెక్కలోదే. మీ కర్మం కాదు. భూమి నడక!"

అప్పుడు తాత లేచాడు. సభలో తాత నోరు విప్పడం నేను అంతకుముందు చూడలేదు.

"ఒరే, కరువుకు కర్మం అన్నోళ్ళను నువ్వు తిట్టినవ్, మంచిగుండె. ఇప్పుడు భూమి ఊగుతున్నదంటున్నవ్. మన ఊరి చెరువుకట్ట తెగి ఇరవై యేండ్లాయె. కట్ట పొయ్యనోడు ఎవడు? వాడు గూడ ఊగుతున్నడా?"

పళ్ళెం మోగింది. బతికిపోయాను. పదివేల యేళ్ళ లెక్కను ఇరవై యేళ్ళ కట్టకు అతికించానని తాత చెప్పకనే చెప్పాడు. అక్కడైనా ఆగాల్సింది.

జనం లేస్తుండగా గుమ్మం దగ్గరనుంచి అక్క అడిగింది. "ఇదంత సరే గని తమ్మీ, మృగశిరకు ఊరికి పోవాల్నా, వద్దా?"

"మృగశిరను చూసి పోవద్దక్కా. వానను చూసి పో."

ఇప్పటికీ ఆ మాటలో తప్పు లేదనే అంటాను. తప్పు ఆ మాటను నేనే నిలబెట్టుకోకపోవడంలో ఉంది.

గుత్త మేస్త్రి ఆ మాటను ఇంకోలా మూటగట్టుకుపోయాడు. నాగ్‌పాడాలో వాళ్ళు కడుతున్న కట్టడానికి జూన్ రెండో వారంలో స్లాబు పడాలి. మనుషులు వెళ్ళిపోతే స్లాబు ఆగుతుంది. మర్నాటి నుంచే అతను చెప్పడం మొదలుపెట్టాడట: "చదువుకున్న పిలగాడు సభల చెప్పిండు, మృగశిర అబద్ధమంట. ఉరుకులాటెందుకు? స్లాబు పడ్డంక పోండ్రి." ఇది నా చెవిన పడింది. కోపం రావాలి కదా? రాలేదు. నా మాట పని దగ్గరిదాకా పోయిందని మురిసిపోయాను.

జూన్ వచ్చింది. బొంబాయి ఉక్కతో ఉడికిపోతోంది. రుతుపవనాలు ఇంకా గోవా దాటలేదని రేడియో రోజూ చెప్తోంది. మృగశిర నాడు చాల్ అంతా చేపల వాసన. ఆనాడు చేప తినాలని మావాళ్ళ ఆచారం. తాత కూడా తిన్నాడు. నేను మొండికేసి పప్పు తిన్నాను.

మర్నాడు పొద్దున ప్రెస్సుకు పోతూ నాగ్‌పాడా మూలమీద ఆగాను. పాలమూరు బస్సు వచ్చి ఉంది. వెనక చక్రం దగ్గర అక్క గొంతుక్కూర్చుని ఉంది. తలపిన్ను తీసి రేకు లోపలి వైపు గీకుతోంది.

"తమ్మీ, ఇటు రా. సూడు."

వంగి చూశాను. పైన పలచగా నల్లటి పొర. దాని కింద వేలిమందం ఎర్రటి పెళ్ళ.

"పైన నల్లది షోలాపూర్ దిక్కుది. దుమ్ము. తుడిస్తే పోతున్నది. కింద ఎర్రది మాది. డిపోల కడిగినంక ఎక్కింది. ఎట్ల అతుక్కున్నదో సూడు, దుమ్మైతే గిట్ల అతుకదు. నిన్న పగటీలి బస్సెల్లంగ మా దిక్కు బురదుండె. వాన పడ్డది."

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. నేను చేతికి ఆ పెళ్ళను తీసుకోనైనా లేదు.

"ఒక్క బస్సును చూసి వాన పడిందని ఎట్లా అంటావక్కా? దారిలో నీళ్ళ ట్యాంకరు ఒలికి ఉండొచ్చు. ఎక్కడో వాగు దాటి ఉండొచ్చు. రుతుపవనం గోవా దగ్గరే ఉందని పొద్దున కూడా రేడియో చెప్పింది."

"రేడియో మా చెలకల ఉన్నదా?"

"అది కాదు. నిన్న మృగశిర. వాన పడాలని నీ మనసు ముందే అనుకుంది. మనసు అనుకున్నదే కంటికి కనబడుతుంది. మూఢనమ్మకమంటే అదే."

ఆమె పిన్నుతో ఆ ఎర్రటి పెళ్ళను ఇంకోసారి గీకింది. "అయితే ఇది వాన గాదంటవ్?"

"రుజువు కాదంటాను."

పిన్ను తలలో పెట్టుకుంది. చేతిని కొంగుకు తుడుచుకుంది. "నువ్వు చదువుకున్నోనివి," అని పనికి నడిచింది.

నేను గెలిచిన వాదన అదే. పట్టుమని మూడు నిమిషాలు. పళ్ళెం మోగే అవసరం కూడా రాలేదు.

ఆ సాయంత్రమే చివరి ఖోలీలోంచి ఇద్దరు మగవాళ్ళు వీటీ స్టేషన్లో రైలెక్కారు. నా మాటా వినలేదు, మేస్త్రి మాటా వినలేదు. అక్క ఆగిపోయింది. నాలుగు రోజులు స్లాబు పని. ఐదో రోజు రేడియో చెప్పింది: రుతుపవనాలు తెలంగాణలోకి ప్రవేశించాయి. నేను గొప్పగా చివరి ఖోలీ గుమ్మంలోకి పోయి చెప్పాను. "ఇప్పుడు పో అక్కా." మూట ఎప్పుడో కట్టి ఉంది. ఎత్తుకుని పోయింది.

ఆమె పోయిన సాయంత్రం వరండాలో కూర్చుని తాత నన్ను అడిగాడు. "ఆమె మన్ను సూపిస్తె నువ్వు రేడియో సూపించినవంట?"

"ఎవరు చెప్పారు?"

"చాల్‌ల గోడలున్నయా చెప్పకపోనీకి? ఒళంబా పట్టి గోడ వంకరున్నదని మేస్త్రి అంటుంటే, నక్షల సీదనే ఉన్నదని ఇంజినీరు అంటే ఎట్లుంటది? గోడ ఎవని మాట వింటది?"

ఆ రాత్రి పత్రిక మళ్ళీ తీశాను. సముద్రగర్భపు బురద పొరల బొమ్మ. ఏ పొర ఏ కాలానిది, ఏ పొర ఎక్కడిది. దాన్ని చూసే కదా నేను ఊగిపోయాను! ఆ బురదను చదివినవాళ్ళను మహానుభావులన్నాను. చక్రం రేకు కింది బురదను పొర పొరా చదివిన మనిషిని మూఢురాలన్నాను. ఏం తేడా? ఒకటి ఇంగ్లీషులో అచ్చయింది, ఇంకోటి తలపిన్నుతో గీకబడింది.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. పదిహేను వందల యేళ్ళలో మృగశిర ఇరవై రోజులకు పైగా జారింది. అయినా ఇవాళ్టి మృగశిర ఇవాళ్టి వానకు దగ్గరగానే ఎందుకుంది? జనం పాత లెక్కకు అతుక్కుని ఉంటే ఎప్పుడో తప్పిపోయి ఉండేవాళ్ళు. తరం తరానికీ చూసుకుంటూ, ఏ కార్తెకు విత్తాలో దిద్దుకుంటూ వచ్చారు. అచ్చుకెక్కని ప్రూఫులు అవి. వాటిని దిద్దినవాళ్ళకు నేను పాఠం చెప్పాను. భూమి ఊగులాట నిజమే. కాని అది వేల యేళ్ళ భాషలో మాట్లాడుతుంది. ఈ జూన్‌లో ఈ చెలక మీద ఏమవుతుందో దానికి తెలియదు. తెలిసినట్టు దాని నోట పలికించింది నేను.

మర్నాటి నుంచి నేనే బస్సు దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. బొంబాయిలో వాన తెగ కొడుతోంది. గొడుగు పట్టుకుని చక్రం కింద దూరి గోరుతో గీకేవాణ్ణి. బొంబాయి నీళ్ళకు పై పొర కొట్టుకుపోయినా రేకు లోపలి మూలల్లో తెలిసేది. దుమ్ము. మర్నాడూ దుమ్మే. వారం రోజులు ఎర్రటి దుమ్ము తప్ప బురద లేదు. అంటే మొదటి వాన తర్వాత అక్కడ చినుకు లేదు. రేడియోలో మాత్రం రుతుపవనం చురుగ్గా ఉంది.

"ఏం సారూ, రోజూ నా బస్సు కాళ్ళు మొక్కుతున్నవ్?" అన్నాడు డ్రైవరు.

"వాన ఎప్పుడు పడింది మీ దిక్కు?"

"మృగశిర ముందట సాయంత్రం ఒక్క దెబ్బ కొట్టింది. మల్ల లేదు. అప్పుడు ఇత్తినోనికే పంట."

ప్రెస్సులో ఆ రోజు ఒక పెళ్ళిపత్రికలో వరుడి ఊరు తప్పు దిద్దాను. కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం బయటికొచ్చి ఫాక్‌లాండ్ రోడ్ ఆ చివరనుంచి ఈ చివరకు మూడుసార్లు నడిచాను. గుమ్మాల్లో కూర్చుని తల దువ్వుకునే ఆడవాళ్ళలో ఒకామె, "ఎవరిని వెతుకుతున్నావ్ బాబూ?" అని హిందీలో అడిగింది. తల వంచుకుని ప్రెస్సు వైపు మళ్ళాను. ఊరికి ఉత్తరం రాద్దామంటే అక్కకు చదువు రాదు; చదివి వినిపించేది మరిది కొడుకే.

దసరా పోయాక ఆమె తిరిగి వచ్చింది. నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. నేను బ్రష్షు నోట్లో పెట్టుకుని అట్లాగే ఆగిపోయాను.

"ఏమైందక్కా?"

"ఏమైతది? నేను దిగేసరికి ఎకరంల జొన్న మొలకెత్తింది. నాది గాదు, మా మరిదిది. మృగశిర నాడే నాగలి కట్టిండు. రాళ్ళున్న అరెకరం ఇడిసిపెట్టిండు. దాంట్ల ఆముదాలేసిన. ఆలిశెమైనా ఆముదం ఊకుంటది." బిందె నిండింది. ఎత్తుకోలేదు. "రెండేండ్లాయె వాని నాగలి. ఎకరం పోయింది. అరెకరం నాది."

"నా వల్లే అక్కా."

"నిన్ను నేనేమన్న అన్ననా? బురద నా చేతులనే ఉండె. నా చెయ్యి ఇడిసి నీ నోరు నమ్మిన."

"ఆదివారం సభలో అందరి ముందూ చెప్తాను. తప్పు నాదని చెప్తాను."

"చెప్తే ఎకరం వస్తదా?" అని ఆమె బిందె నడుముకెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "ఆ భూమి ఊగులాట ఒక సుట్టు ఎన్నేండ్లంటివి?"

"ఇరవై ఆరు వేలు."

"అబ్బో. మా మరిదికి జెరంత జల్ది ఉండె."

నల్లా దగ్గరున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఆదివారం సభలో నేను చావు భోజనాల మీద మాట్లాడాను. చప్పట్లు పడ్డాయి. చెప్తానన్నది చెప్పలేదు.

మరుసటి యేడు మళ్ళీ మే నడుమ తాత మేడ మీద గుండు వేలాడదీశాడు. నీడ మాయమైంది. నేను ఆ యేడు సభలో భూమి ఊగులాట ఊసెత్తలేదు. మే చివరి నుంచి నేనూ అక్కా పొద్దు పొద్దున్నే నాగ్‌పాడా మూలకు పోయేవాళ్ళం. అరెకరానికి మళ్ళీ ఆమె నాగలే ముందు దిగాలి. మరిది చూపు ఆ రాళ్ళ మీద కూడా పడిందని ఊరినుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. గుత్త మేస్త్రి ఇంకో స్లాబు ఉందన్నాడు. ఆమె వినలేదు.

మృగశిరకు ఇంకా ఐదు రోజులుంది. రోహిణి కార్తె. బస్సు వచ్చి ఆగింది. అక్క పిన్ను తీసి నాకిచ్చింది.

"ఇయ్యాల నువ్వు సూడు."

రేకు కింద చెయ్యి పెట్టాను. నల్లటి దుమ్ము తుడిస్తే పోయింది. కింద ఎర్రటి పెళ్ళ. పిన్ను దిగలేదు. ఇంకొంచెం నొక్కాను. పెళ్ళ ఊడి చేతిలో పడింది. లోపలి వైపు ఇంకా పచ్చిగా ఉంది.

"ఎర్రదే. అతుక్కుంది. లోపల తడి ఉంది."

"రుజువేనా పంతులూ?"

"రుజువే."

"నీళ్ళ ట్యాంకరు ఒలికితె?"

"ఒలికితే ఒలకనీ. పో అక్కా."

పాన్ దుకాణం దగ్గర పంచాంగం పెద్దాయన మమ్మల్ని ఆపాడు. "ఇంకా మృగశిర రాలే. ఇప్పుడే పోయి ఏం జేస్తవు?"

"మృగశిర వచ్చెదాక నా మరిది ఆగుతడా నాయనా?" అని ఆమె నడక ఆపకుండానే అంది.

ఆ మధ్యాహ్నం అదే బస్సులో ఆమెను ఎక్కించాను. మూటలో విత్తనం జొన్నలు, ఒక కొత్త తాడు. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. అప్పటికే ముందుకు చూస్తోంది.

మర్నాడు తొమ్మిదింటికి నేను మూలమీదికి పోయాను. ఆ రోజు వచ్చింది వేరే బస్సు. చక్రం కింద చెయ్యి పెట్టి గీకాను. ఎరుపు. నిన్నటికంటే మందంగా ఉంది. ఆ వేళకు ఆమె ఊళ్ళో దిగి ఉండాలి.